మేనమామ గుడ్డ

తిరుపతి,
14 నవంబరు 1970

ఒరే రాజారత్నం,

క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ఈ దేశంలో క్షేమంగా ఉండేది షావుకార్లూ వాళ్ళ ఇనప్పెట్టెలూ. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నా. సిద్ధమ్మ తమలపాకుల గంపలో ఈ కాగితం నీకు చేరితే చాలు. చేరకపోతే ఏ కానిస్టేబులో దీంట్లో వక్కాకు చుట్టుకుంటాడు. నా రాతలకు అదీ ఒక రకం పాఠకుడే.

మునికృష్ణ నీ దగ్గరికి చేరినాడని సిద్ధమ్మ చెప్పింది. బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం వదిలేసి వచ్చినాడు. పోయే ముందు నాతో ఏమన్నాడో తెలుసా? "నాయనా, నువ్వు రాస్తానే ఉండావు. మామ చేస్తా ఉండాడు." నా పత్రికకు ఇన్నేళ్ళలో వచ్చిన విమర్శల్లో ఇంత పొట్టిది లేదు, ఇంత గట్టిదీ లేదు. వందమంది పండితులకు జవాబు రాసినవాణ్ణి, నా కొడుక్కి రాయలేకపోయినా.

నిన్ను మెచ్చుకోబోతున్నాననుకోకు. సర్కారు సైన్యంలో తుపాకీ మోసి, హవల్దారు పట్టీలు విప్పి పారేసి వచ్చినవాడివి. ఇప్పుడు కార్వేటినగరం కొండల్లో నీ వెనకాల ఒక దళం నడుస్తా ఉండాది, కమాండర్ అంటా ఉండారు. అననీ. కానీ సైన్యం నీకు నేర్పింది ఎదురు ప్రశ్న వేయకపోవడం. విప్లవానికి కావలసింది ఎదురు ప్రశ్న. ఈ రెండింటిలో దేన్ని విప్పి పారేసినావో, దేన్ని మూటకట్టి అడవికి తీసకపోయినావో, నీకు నువ్వే తనిఖీ చేసుకో.

మొన్న మా పెద్దమ్మ పోయింది. పాడె కట్టి, అందరూ ఎండలో నిలబడి ఉంటే, ఆమె పుట్టింటోళ్ళు గుడ్డ తేలేదని శవాన్ని పొద్దు వాలేదాకా లేపలేదు. ఏమి మూఢత్వమబ్బా ఇది! ఆడదానికైతే పుట్టిల్లు, బిడ్డలకైతే మేనమామ, కోరా గుడ్డ తెచ్చి కప్పందే ప్రాణం గడప దాటదంట. దీని మీద వ్యాసం రాస్తా ఉన్నా. మీ మునస్వామి మామ సంగతి కూడా ఎక్కిస్తా. చెరుకు బండి తోలుకొస్తా ఉంటే మేనకోడలే చక్రం కింద పడె. అయ్యో పాపమని అందరూ ఏడుస్తా ఉంటే, ఆయన గుడ్డ చేత్తో ముట్టలేదు. ఎవరి చేతి మీదుగా చావు వచ్చిందో ఆ చేయి గుడ్డ తేకూడదంట. వీధి మొగదల చింతచెట్టుకు ఆనుకొని నిలబడి, గుడ్డ నీ చేతికే ఇయ్యమని అంగట్లోవాడికి చెప్పి, నిన్ను ఇంట్లోకి పంపినాడు. అప్పుడు నువ్వు నిక్కరేసుకునే పిల్లోడివి, గుర్తుందా? శోకంలో ఉన్న మనిషిని నేరస్థుణ్ణి చేసి వీధి చివర నిలబెట్టే ఆచారం! పీకి పారేయాల్సిన వేరు ఇదే.

వ్యాసం అచ్చయినాక పంపుతా. చదివి తిట్టు.

మీ బావ,
ధనంజయ

అడుగున మీ అక్క జ్ఞానాంబ రాసేది: రత్నం, ఆయన రాతలో నాకు మిగిలింది ఈ వేలెడు జాగా. నీ ఒళ్ళో కూర్చోబెట్టి నా బిడ్డకు చెవులు కుట్టించినాము. ఆ ఒళ్ళోకే మళ్ళీ వచ్చినాడు. వాడికి రాత్రుళ్ళు దుప్పటి నిలవదు, కాళ్ళతో తన్నేస్తాడు. కప్పతా ఉండు.

---

అడవి,
జనవరి 1971

బావా,

లాల్ సలాం. ఊరి పేరు రాయను. రాస్తే నువ్వు దాని మీద కూడా వ్యాసం రాస్తావు.

వాడు బాగుండాడు. ఎండకు నల్లబడినాడు. కౌజు పిట్ట మాదిరి ఈల వేయడం నేర్పినా. ఇప్పుడు కౌజు పిట్టలే మోసపోతా ఉండాయి. నీ వ్యాసం మంట దగ్గర చదివి వినిపించినాడు. ఇద్దరు నిద్రపోయినారు. మూడోవాడు సెంట్రీ కాబట్టి పోలేదు.

ఎదురు ప్రశ్న గురించి రాసినావు. ఇక్కడ ప్రశ్న ఉండాది బావా, పగలు. రాత్రి నడిచేటప్పుడు ఉండదు. ముందున్నవాడు ఆగితే వెనకవాడు ఆగాల, అంతే. నువ్వు కుర్చీలో కూర్చొని రాస్తావు, నీ తప్పును వచ్చే నెల సంచికలో సవరించుకుంటావు. నాకు వచ్చే నెల సంచిక లేదు.

ఇక్కడి నియమం వాడికి మొదటి రోజే చెప్పినా: ఎవరూ ఇంటికి పోకూడదు. ఇంటికి పోయివచ్చినవాడు రెండిళ్ళ మనిషి. మేనల్లుడికొక నియమం, మిగిలినోళ్ళకొక నియమం ఉండదు. అక్కకు ఈ మాట మెల్లగా చెప్పు.

దుప్పటి కప్పుతున్నానని కూడా చెప్పు.

రాజారత్నం

---

తిరుపతి,
8 జూన్ 1971

రాజారత్నం,

పలమనేరు పక్కన వడ్డీ వ్యాపారిని మీ వాళ్ళు నరికినారని పేపర్లో చదివినా. ఆ వ్యాపారి మంచివాడని నేను అనను. వాడి బాకీలో మునిగినవాళ్ళ ఇండ్లకు పోయి నా పత్రికలో రాసినవాణ్ణి నేనే. కానీ ఒకణ్ణి నరికితే వడ్డీ చచ్చిపోతుందా? వాడి తమ్ముడు మరుసటి రోజే అంగడి తెరిచినాడు! జనాన్ని కూడగట్టడానికి ఓపిక లేనివాడు కత్తి పడతాడు. నువ్వు దాన్ని చరిత్ర అంటావు, నేను తొందర అంటాను. ముప్పై ఊళ్ళ కూలీలు ఒక్క రోజు కొడవలి కింద పెట్టినరోజు ఈ జిల్లా గజగజలాడింది, మర్చిపోయినావా? అప్పుడు నీ తుపాకీ అవసరం పడిందా?

"బావకు పిరికితనం, అందుకే సిద్ధాంతం మాట్లాడతాడు" అంటావు. అను. పిరికివాడు చెప్పినంత మాత్రాన రెండూ రెండూ ఐదు కావు.

జాతర తర్వాత నేను నెల్లూరు సభలకు పోయినా. అక్కడ ముగ్గురు కవులు నిన్ను అడవి పులి అని పాడినారు. పులికి మంద ఉండదని లేచి చెప్పినా. కూర్చోబెట్టినారు. తిరిగొచ్చినాక మీ అక్క ముఖంలో ఏదో వెలుగు. ఎందుకో అడిగితే "నా తమ్ముడికే చెప్తా, నువ్వు అచ్చేస్తావు" అంటుంది. సరే, ఆమె ముచ్చట ఆమెది. నేను చదవకుండానే మడిచి పంపుతా ఉన్నా.

ధనంజయ

అడుగున జ్ఞానాంబ: రత్నం, నా బిడ్డను కోప్పడొద్దు. జాతర అయినాక వచ్చిన శుక్రవారం వాడు ఇంటికొచ్చినాడు. రాగి సంగటి, ఊరిబిండి చేసి పెట్టినా. మూడు ముద్దలు తిన్నాడు. అరుగు మీద కాసేపు పడుకొని, కోడి కూయకముందే పోయినాడు. ఎంత గడ్డం పెరిగిందిరా వాడికి! మామతో చెప్పొద్దన్నాడు. నీ దగ్గర దాచేదేముందని నేనే చెప్తా ఉండా. ఆ మరుసటి రోజే మఫ్టీలో పోలీసాయన ఒకడు వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, బిడ్డ బాగుండాడా తల్లీ అని అడిగి పోయినాడు. బాగుండాడనే చెప్పినా. మర్యాదస్తుడే పాపం.

---

అడవి,
జూలై 1971

బావా,

మా వాళ్ళు ఇద్దరు పోయినారు. నీళ్ళకు దిగే చోట పోలీసులు ముందే కాచుకొని కూర్చున్నారు. ఆ దారి మాకు తప్ప ఎవరికీ తెలియదు.

మునికృష్ణ జాతర అయిన వారం నగరికి మందులకు పోతానని చెప్పి పోయినాడు. ఇంటికి పోయిన సంగతి నాతో అనలేదు. అక్క రాసింది చదివినాక అడిగినా. పోలేదన్నాడు. మళ్ళీ అడిగినా. పోలేదనే అన్నాడు.

అక్కను అడిగి రాయి. వాడు వచ్చింది శుక్రవారమేనా? పోలీసు వచ్చింది ఆ మరుసటి రోజేనా? ఇంకేమీ రాయనక్కర లేదు.

రా.

---

తిరుపతి,
2 ఆగస్టు 1971

కమాండర్ గారికి,

ఇది మేనమామ రాసిన ఉత్తరమా, స్టేషన్లో రాసుకున్న వాంగ్మూలమా? శుక్రవారమేనా, శనివారమేనా! కన్నతల్లిని చూడటానికి వచ్చిన పిల్లోడు, మామకు భయపడి అబద్ధం చెప్పినాడు. దానికింత రాద్ధాంతమా? భయపడి అబద్ధం చెప్పేటట్టు దళాన్ని నడిపే నాయకుడు ముందు తన్ను తాను విచారించుకోవాల. వాడు బళ్ళో లెక్కల పరీక్ష తప్పినప్పుడు కూడా "పాసైనా నాయనా" అన్నాడు, నేను కర్ర తీసుకున్నా, అయినా "పాసైనా" అనే అన్నాడు. వాడికి మొండితనం మీ ఇంటి నుంచి వచ్చింది, మా ఇంటి నుంచి కాదు.

ఇద్దరు కుర్రాళ్ళు పోయినందుకు నాకు బాధ లేదనుకోకు. వాళ్ళ కోసం రాస్తా. కానీ సంతాపాన్ని అనుమానంగా మార్చుకోవడం సర్కారు అలవాటు. ఆ అలవాటు నీకు వద్దు.

వాణ్ణి ఇంటికి పంపించేయి. నీకు పనికిరాకపోతే నాకు ప్రూఫులు దిద్దుతాడు.

ధనంజయ

అడుగున జ్ఞానాంబ: శుక్రవారమే రా. తల స్నానం చేసి పసుపు రాసుకున్న రోజు, నాకు తెలీదా? పోలీసాయన వచ్చింది శనివారం. నీతో అబద్ధం సెప్పే అవసరం నాకేమి? అమ్మ కోసం వచ్చిన బిడ్డ, మంచి బిడ్డే కదా. తిట్టి వదిలేయి.

---

అక్టోబరు 1971

బావా,

మునికృష్ణ లేడు. కాల్పుల్లో పోయినాడు. శరీరం దొరకదు. పోలీసుల దగ్గరికి పోయి అడగొద్దు.

అక్కకు నువ్వే చెప్పు.

రాజారత్నం

---

తిరుపతి,
21 నవంబరు 1971

తమ్ముడూ,

ఇన్నేళ్ళలో నిన్ను ఈ మాటతో పిలవలేదు. పిలవాలనిపించింది.

చెప్పినా. ఆమె ఏడవలేదు. వాడు సంగటి తినే తట్ట తీసి కడిగి, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. నేనే ఏడ్చినా. ఏడ్చి, లేచి, రాసినా. ఇప్పటికి మూడు కరపత్రాలు. "నా కొడుకును చంపిన ప్రభుత్వానికి బహిరంగ లేఖ" అని పెట్టినా. శవాన్ని కూడా ఇవ్వని రాజ్యం ఏ రాజ్యం? తల్లికి బిడ్డ ముఖం చూపించని చట్టం ఏ చట్టం? గాంధీ రోడ్డులో నిలబడి నేనే పంచినా. ఇద్దరు పోలీసులు వచ్చి కాగితాలు గుంజుకున్నారు. ఒకడు మెల్లగా, "సార్, ఆ అడవిలో ఈ మధ్య మా వాళ్ళు కాల్పులేవీ జరపలేదు, ఎవరో మీకు తప్పు చెప్పినారు" అన్నాడు. సిగ్గులేని నోరు! చంపి, చంపలేదని చెప్పే నోరు! వాడి ముఖాన ఉమ్మేసినా. ఒక రాత్రి లాకప్పులో పెట్టినారు. నాకు హాయిగా ఉండింది, చెప్తే నమ్ముతావా? నా కొడుకు పడిన దాంట్లో నాకూ ఇంత ముక్క దొరికిందనిపించింది.

నీతో తగాదాలన్నీ చెరిపేసినా. నువ్వు చేసేదే సరి అని అనను, కానీ వాడు నమ్మిన మనిషివి నువ్వు. ఇక నా కలం నీది.

ఒక్కటే చిక్కు. మీ అక్క కర్మ చేయనంటుంది. శరీరం లేకపోతే గడ్డితో మనిషిని చేసి కాలుస్తారు కదా, అదీ ఒద్దంటుంది. నువ్వు రావాలంట. నువ్వు గుడ్డ తెచ్చి కప్పితేనే వాడు పోయినట్టంట. నేను వాదించలేదు. నాకు మొదటిసారి వాదించే ఓపిక లేదు.

ధనంజయ

అడుగున జ్ఞానాంబ: నువ్వు తేవాల. ఇంకెవరు తెచ్చినా నేను ఒప్పను. ఎన్నేళ్ళయినా సరే.

---

సెంట్రల్ జైలు,
5 ఫిబ్రవరి 1976

బావకు నమస్కారం.

పట్టుబడి మూడేళ్ళయినా ఉత్తరం రాయలేదని నిష్ఠూరమాడినావు. సెన్సారు చదివే ఉత్తరంలో ఏమి రాస్తాం? నీవు పంపిన పుస్తకాలు అందినవి, పేజీలు చింపి ఇచ్చినారు.

ఇక్కడ అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఎవరి ముఖం చూడకూడదనుకున్నామో వాళ్ళతో పగలంతా మాట్లాడుతున్నాను. కొన్ని విషయాలు తిరిగి ఆలోచించాల్సి ఉంది. నీవు గతంలో రాసిన కొన్ని మాటలు నిజమేనని ఇప్పుడు అనుకుంటున్నాను. జనం లేని తుపాకీ గురించి రాసినవి. అవి ముందే వినివుంటే బాగుండేది. అంతకంటే ఎక్కువ రాయలేను.

అక్క ఇంకా గుడ్డ కోసం ఆగి ఉందని రాసినావు. జైలు నుంచి ఎట్లా తేగలను? నేను లేకుండానే కర్మ జరిపించు. చనిపోయినవాళ్ళకు ఏ గుడ్డయినా ఒకటే. నీవే కదా అట్లా రాసినావు.

రాజారత్నం

---

తిరుపతి,
11 సెప్టెంబరు 1978

రాజారత్నం,

జైలు తలుపులు తెరిచి ఏడాదిన్నర. నువ్వు విజయవాడ పోయినావు, కలకత్తా పోయినావు, ఢిల్లీలో నీ ఉపన్యాసం గురించి ఇంగ్లీషు పేపర్లో సగం పేజీ వేసినారు. "అడవి నుంచి అసెంబ్లీకి" అని ఒకడు, "తుపాకీ దించిన సేనాని" అని ఇంకొకడు. రేణిగుంట మీదుగా మద్రాసు రైలెక్కి పోయినావని కూడా విన్నా. రేణిగుంటలో దిగితే మా ఇల్లు బస్సుకు పావలా.

ఓట్లలోకి దిగినావని నిన్ను తిట్టేవాళ్ళు ఊరినిండా ఉండారు. నేను వాళ్ళతో పోట్లాడతా ఉన్నా, తెలుసా? "ఏడేళ్ళ కింద నేను చెప్పింది కమాండర్ ఇప్పుడు ఒప్పుకున్నాడు, మీకేం నొప్పి?" అంటా ఉన్నా. మనిషి మారకూడదా? మారనివాడు శిలావిగ్రహం, దానికి కాకులే దిక్కు. కానీ మారినవాడు ఎక్కడ తప్పు చేసినాడో జనం ముందు నిలబడి చెప్పాల. ఢిల్లీలో "గతంలో కొన్ని అతివాద పోకడలు జరిగాయి" అన్నావంట. జరిగాయి ఏమిటి? వానలా పడినాయా? ఎవరు చేసినారు, ఎవరికి జరిగినాయి? కర్త లేని వాక్యం దొరలు రాసేది. నువ్వు కార్వేటినగరం పిల్లోడివి.

సరే, ఆ పోట్లాట ఎదురుగా పడదాం. ముందు రా. మీ అక్కకు చత్వారం వచ్చింది, వెంట్రుకలు నెరిసినాయి. ఆ తట్ట మాత్రం ఇప్పటికీ రోజూ కడుగుతుంది.

ధనంజయ

అడుగున జ్ఞానాంబ: ఊరూరా గుడ్డలంగళ్ళు ఉండాయి. నీకు యాడా కనపడలేదా?

---

న్యూఢిల్లీ,
3 డిసెంబరు 1983

గౌరవనీయులైన ధనంజయ గారికి,

మీ ఉత్తరాలు అందుతున్నవి. పార్లమెంటు పనుల వల్లా, పార్టీ జాతీయ కార్యదర్శిగా పర్యటనల వల్లా జవాబు ఇవ్వలేకపోయినందుకు మన్నించగలరు.

రానున్న ఫిబ్రవరిలో చిత్తూరులో అమరవీరుల స్తూపాన్ని ఆవిష్కరించవలసిందిగా జిల్లా శాఖ కోరింది. అమరుల పేర్లలో కామ్రేడ్ మునికృష్ణ పేరు చేర్చడమైనది. తల్లిదండ్రులుగా మీరిరువురూ వేదికపై ఆసీనులు కావలసిందిగా కోరుతున్నాను.

సమయాభావం దృష్ట్యా తిరుపతికి రాగలనో లేదో ఇప్పుడే చెప్పలేను. ప్రయత్నిస్తాను.

అభినందనలతో,
రాజారత్నం

(టైపు చేసిన దాని కింద సిరాతో:) బావా, అక్క ఆరోగ్యం ఎట్లుంది?

---

తిరుపతి,
19 ఫిబ్రవరి 1984

రాజారత్నం,

"ఆసీనులు కావలసిందిగా" అని నాకు రాసినందుకు నిన్ను మందలించాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టినా. కానీ నిన్నటి సంగతి తర్వాత మనసొప్పడం లేదు.

చిత్తూరు సభ బ్రహ్మాండం. కుప్పం నుంచి కూడా లారీల్లో వచ్చినారు. రాతి మీద మా వాడి పేరు చూసి వేలితో తడిమినా. నీ ఉపన్యాసం బాగుంది, కొంచెం పొడుగు. వేదిక మీద నా పక్కన నీ కుర్చీ వేసినారు, కానీ నువ్వు అటు చివరకు పోయి కూర్చున్నావు. ఎవరో పెద్దమనిషి వచ్చినాడని జాగా ఇచ్చినావనుకున్నా. మీ అక్క రాలేదు. "వాడే ఇంటికొస్తాడు, గుడ్డ తెస్తాడు" అని ఇల్లు అలికి కూర్చుంది. గడ్డి తెప్పించి మనిషిని చేయించింది. పన్నెండేళ్ళ తర్వాత!

సాయంత్రం నీ కారు వచ్చింది. మా వీధి ఇరుకే, కానీ కారు పట్టనంత ఇరుకు కాదు. మొగదల ఆగింది. నువ్వు దిగి కరెంటు స్తంభానికి ఆనుకొని నిలబడినావు, అరుగు మీంచి నాకు కనబడతానే ఉండావు. నీ మనిషి వెంకటముని గుడ్డ చేత్తో పట్టుకొని వచ్చినాడు. "అన్న పంపినాడమ్మా, అన్నకు రైలుకు పొద్దుపోతా ఉంది" అన్నాడు.

నేను చెప్తా ఉన్నా, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి! ఇరవై ఏళ్ళు వ్యాసాలు రాసి నేను చేయలేని పని, నా ఇంటి ముందు నువ్వు చేసి చూపించినావు. అక్క మనసు నొప్పించకుండా గుడ్డ పంపినావు, అట్లని ఆచారానికి తల వంచలేదు. గడప తొక్కలేదు, ఆ తంతులో చేయి పెట్టలేదు. దేశ నాయకుడై ఉండీ, కెమెరాలవాళ్ళు వెంట ఉండీ, ఓట్ల కోసం ఇంత పసుపు కుంకుమ పూసుకునే ఈ రోజుల్లో! వచ్చే సంచికలో దీని మీదే సంపాదకీయం. "గడప తొక్కని కమాండర్" అని శీర్షిక పెట్టినా.

మీ అక్క సంగతే నాకు అంతుపట్టలేదు. వెంకటముని చేతి నుంచి గుడ్డ అందుకోలేదు. అరుగు మీద పెట్టమంది. లేచి గడప దాకా వచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, వీధి మొగదలకు చూసింది. చాలాసేపు చూసింది. నువ్వు తల దించుకొని కారెక్కినావు. ఆమె లోపలికి పోయి, గడ్డి మనిషి పక్కన కూర్చుంది. నేను నీ గొప్పతనం వివరించబోతే, "నువ్వు ఊరుకో అబ్బా, నీకు సదువెక్కువ" అన్నది.

అడుగున జాగా వదిలినా. ఒద్దంట. వేరే రాస్తుందంట.

నీ బావ,
ధనంజయ

---

తిరుపతి,
26 ఫిబ్రవరి 1984

రత్నానికి జ్ఞానాంబ రాసేది.

ఇంత పెద్ద కాగితం నా జన్మలో రాయలేదు. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

నువ్వు నిలబడిన సోటు సూసినా. మునస్వామి మామ నిలబడింది మన ఊళ్ళో చింతచెట్టు కింద, నువ్వు నిలబడింది కరెంటు స్తంభం కింద. అంతే తేడా. ఆ రోజు గుడ్డ మోసకొచ్చింది నువ్వే. గుడ్డ నా చేతికిచ్చి, "అక్కా, మామ ఎందుకు రాలేదు?" అని అడిగినావు. నేనే నీకు సెప్పినా, ఎవురి చేతి మీద సావొచ్చిందో ఆ చెయ్యి గుడ్డ ముట్టకూడదు నాయనా అని. ఇన్నేళ్ళు మరిచిపోలేదే నువ్వు.

దేవుడు లేడంటావు. కర్మ లేదంటావు. మీ బావ పెద్దమ్మ సచ్చిపోతే గుడ్డ ఎందుకని నవ్వుకున్నోళ్ళు మీరిద్దరూ. అట్లాంటోడివి, నా బిడ్డను పోలీసోళ్ళే సంపుంటే, నా కోసమన్నా లోపలికి వచ్చుంటావు. గుడ్డ కప్పి, నా బుజం మీద చెయ్యి వేసి, నాలుగు తిట్లు తిని పోయుంటావు. నీకు ఏ ఆచారమూ లేదు రా. అయినా ఆ గుడ్డ ముట్టలేకపోయినావు. నిన్ను ఆపింది ఏందో నాకు తెలిసిపోయింది.

శుక్రవారమేనా అని అడిగినావు. అడగకముందే ఒకసారి, అడిగినాక ఒకసారి, రెండుసార్లూ నేనే సెప్పినా. నీకు నా మాట కావాల్సి వచ్చింది, నేను ఇచ్చినా. ఎందుకు అడగతా ఉండాడని అనుకోలేదు. అన్నం పెట్టిన రోజు అడగతా ఉండాడనుకున్నా.

ఆ పోలీసాయన వీధిలో అన్ని ఇండ్లకూ పోయినాడు. ఎదురింటి పంకజాక్షి ఇంట్లో మజ్జిగ తాగినాడు, పక్కింట్లో వాళ్ళ బిడ్డల పేర్లు అడిగినాడు. అది రాయడానికి ఆ వేలెడు జాగాలో పట్టలేదు. నువ్వు అడగలేదు. శుక్రవారమేనా అని అడిగినావు గానీ, అక్కా ఆయన ఇంకెవురింటికి పోయినాడు అని అడగలేదు. వాడు ఇంటికి ఎందుకొచ్చినాడో కూడా అడగలేదు. కాల్లో ముల్లిరిగి సీము పట్టింది వాడికి. సెప్తే మామ నన్ను వెనక్కి పంపేస్తాడమ్మా, ఉండిపోవాల అన్నాడు. సూది కాల్చి తీసినా. నీ దగ్గర ఉండిపోవడానికే వాడు నీతో అబద్ధం సెప్పినాడు.

వాడు సచ్చేటప్పుడు ఏమన్నాడో నాకు రాయొద్దు. వాడి గొంతు నాకు తెలుసు, నేనే అనుకుంటా.

ఆ స్తూపం మీద నుంచి వాడి పేరు తియ్యమని అడగను. మీ బావ సెప్పినాడు, పైన వాడి పేరు ఉండాది, కింద ఆవిష్కరించినోడని నీ పేరు ఉండాదంట. ఉండనీ. ఒక రాయి మీద ఇద్దరూ ఉండండి. వానకు తడిసినా ఇద్దరూ తడవాల.

నీ గుడ్డ ఈ పార్సెల్లో పెట్టి పంపిస్తా ఉండా. విప్పలేదు, కప్పలేదు. వాడికి నేనే గుడ్డ కొన్నా. బేరివీధిలో, కోరాది. అంగడాయన "పుట్టింటి గుడ్డామ్మా?" అని అడిగినాడు. నాకు పుట్టిల్లు లేదప్పా అని సెప్పినా. నా చేతులతోనే కప్పి, మొన్న కాల్చేసినాము. తట్ట కూడా దాంట్లోనే వేసినా.

నీ ఒంట్లో బాగుండాదా అని అడగను. నువ్వు ఇక రాయొద్దు.

జ్ఞానాంబ

అడుగున ధనంజయ రాసేది: ఈ కాగితంలో నాకు మిగిలింది ఈ వేలెడు జాగా. సంపాదకీయం అచ్చయిపోయింది. కట్టలన్నీ నట్టింట్లో పడి ఉండాయి, బయటికి పంపలేదు. అప్పుడు లాకప్పులో పెట్టే ముందు ఆ పోలీసువాడు, కాల్పులేవీ జరపలేదని చెప్పిన మాట మూడు రోజుల నుంచీ చెవిలో తిరగతా ఉంది. నేను వాదించను. ఏమీ అచ్చెయ్యను. మీ అక్క చెప్పింది తప్పు అని ఒక్క మాట, నీ చేత్తో రాయి. టైపు వద్దు.